అంతరిక్షంలో విత్తనం – అడవి బడిలో పాఠం

విత్తు నేలలో పడగానే వేరు కిందికీ, మొలక పైకీ సాగటం పల్లె పిల్లలకు నిత్యం కనిపించే దృశ్యమే. కాని బరువన్నదే తెలియని అంతరిక్షంలో ఆ విత్తు ఏ దిక్కుకు పెరుగుతుంది? అక్కడ తిరిగి వచ్చిన గింజ మళ్ళీ మొలకెత్తుతుందా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకటంలో శాస్త్రజ్ఞులతో పాటు బడిపిల్లలు కూడా పాలుపంచుకొన్నారు.

1984 ఏప్రిల్‌లో అమెరికా ఛాలెంజర్ వ్యోమనౌక ద్వారా కక్ష్యలో ప్రవేశపెట్టిన ఒక ప్రయోగశాలలో 1 కోటి 25 లక్షల టమాటా విత్తనాలను ఉంచారు. ఏడాది లోపల తిరిగి తేవాలని సంకల్పం. కాని 1986 జనవరిలో ఛాలెంజర్ ప్రమాదానికి గురై ప్రయాణాలు నిలిచిపోవటంతో, అవి 1990 జనవరి వరకు అక్కడే ఉండిపోయాయి. తరువాత వాటిని, భూమిపైనే దాచిన విత్తనాలతో జతచేసి, అమెరికాలోనూ ఇతర దేశాలలోనూ పాఠశాలలకు పంచారు. సుమారు 33 లక్షల మంది విద్యార్థులు రెండు రకాలనూ పక్కపక్కనే నాటి పోల్చిచూశారు. అంతరిక్షంలో దాదాపు ఆరేళ్లు గడిపిన విత్తనాలు సైతం చక్కగా మొలకెత్తాయి. రెండింటి నడుమ చెప్పుకోదగిన భేదం కనబడలేదు.

మన దేశంలో ఈ కృషికి వేదిక శ్రీహరికోట. 2024 డిసెంబరు 30న అక్కడినుండి బయలుదేరిన పి.ఎస్.ఎల్.వి. – సి60 రాకెట్టు, తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం రూపొందించిన ఒక చిన్న పెట్టెను మోసుకుపోయింది. అందులోని ఎనిమిది అలసంద గింజలు నాలుగు రోజులలో మొలకెత్తాయి; మరికొద్ది రోజులకు ఆకులు కూడా తొడిగాయి.

వేరు కొనలోని కణాలలో సన్నని పిండి రేణువులు ఉంటాయి. భూమ్యాకర్షణ వల్ల అవి అడుగుకు చేరి, కింది దిక్కు ఏదో మొక్కకు తెలియజేస్తాయి. అంతట పెరుగుదలను నడిపే ఆక్సిన్ అనే పదార్థం కిందివైపు అధికంగా చేరుతుంది. దాని ప్రభావం వల్ల వేరు కిందికి, కాండం పైకి వంగుతాయి. అంతరిక్షంలో ఆ రేణువులు అడుగుకు చేరవు కనుక మొక్కకు వెలుతురు, తేమ వంటివే దారి చూపాలి.

ఈ సత్యాన్ని గ్రహించటానికి రాకెట్టు అవసరం లేదు. రెండు గాజు గ్లాసులలో తడి కాగితానికీ గాజుకూ మధ్య అలసందలు ఉంచి, మొలకెత్తిన తరువాత ఒకదానిని నిలువుగా, మరొకదానిని పక్కకు వాల్చి చీకటిలో ఉంచితే చాలు. వాల్చిన గ్లాసులోని వేరు మళ్ళీ కిందికే తిరుగుతుంది. ఒక్క విషయాన్ని మాత్రమే మార్చి, తక్కినవన్నీ సమానంగా ఉంచి పోల్చటమే విజ్ఞానశాస్త్రానికి ప్రాణం.

ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ దక్షిణపు కొసన ఉన్న కిష్టారంలోనైనా ఈ పరీక్ష సాధ్యమే. కిష్టారం ఉన్న సుక్మా జిల్లాలో, గత దశాబ్దాల హింస కారణంగా అనేక పాఠశాలలు మూతపడ్డాయి. ఎందరో పిల్లలు వెదురుతో కట్టిన పోర్టా క్యాబిన్ వసతిగృహాలలో చదువుకోవలసి వచ్చింది. బడి మూతపడితే పాఠాలతో పాటు ప్రశ్నించే అవకాశం కూడా పోతుంది. తిరిగి తెరిచిన బడికి గోడలూ పుస్తకాలూ ఎంత అవసరమో, ప్రశ్నకు జవాబు తామే వెదకి తెలుసుకొనే ఇటువంటి పాఠాలూ అంతే అవసరం.

తెలుగువారు అలసంద, బొబ్బర అనే గింజనే ఛత్తీస్‌గఢ్‌లో బర్బట్టి అనీ, హిందీలో లోబియా అనీ అంటారు. పేర్లు వేరైనా మొలక ఒక్కటే. నింగిలో చిగురించిన ఆ గింజ గురించి తెలుసుకొనే హక్కు నగరంలోని విద్యార్థికి ఎంత ఉన్నదో, అడవి బిడ్డకూ అంతే ఉన్నది.