మీకు తెలుసా? రాగి రేకు మీద పల్లె పసిబిడ్డ

ఒక పల్లెటూరి తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని, చెంచాలోని వేడి జావను ఊది చల్లారుస్తోంది. ఫ్రెంచి చిత్రకారుడు మిలే 1861లో చేసిన ఈ ఎచింగ్ (రాగి రేకు నుంచి తీసిన అచ్చుబొమ్మ) పేరు ‘లా బుయి’, అంటే జావ. ఇదే దృశ్యంతో ఆయన వేసిన తైలవర్ణ చిత్రం ఆ ఏడాదే పారిస్ సలోన్ ప్రదర్శనకు వెళ్లింది, ఇప్పుడు మార్సెయ్ మ్యూజియంలో ఉంది. ఎచింగ్ దారి వేరు. ‘గజెట్ దె బోజార్’ అనే కళాపత్రిక దాన్ని అచ్చువేసి పాఠకులకు అందించింది. అలా ఒక పేదింటి బిడ్డ పట్నపు ఇళ్లలోకి అడుగుపెట్టింది.

మిలే నార్మండీలోని గ్రూషీ అనే ఊళ్లో 1814లో రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు పొలం పనులు చేశాడు. 1849లో బార్బిజాన్ పల్లెకు చేరి, 1875లో చనిపోయేదాకా ఎక్కువకాలం అక్కడే ఉన్నాడు. తొమ్మిదిమంది పిల్లల తండ్రి. జావ నోరు కాల్చకుండా చూసే ఆ జాగ్రత్తను అంత సహజంగా గీయగలిగాడంటే, అది ఆయన ఇంట్లో రోజూ చూసిందే మరి! పేరు తెచ్చిన పెద్ద చిత్రాల కన్నా నాకు ఈ చిన్న కాగితమే ఎక్కువ ఇష్టం.

ఎచింగ్‌లో రాగిని తొలిచేది చిత్రకారుడి చెయ్యి కాదు, ఆమ్లం. ముందు రాగి రేకుకు మైనం కలిసిన పూత పూస్తారు. తాటాకు మీద గంటం నడిపినట్టు, ఆ పూత మీద సూదితో గీస్తారు. గీసినచోట రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ముంచితే ఆ గీతలు మాత్రమే లోతవుతాయి. ఎక్కువసేపు ఉంచిన గీత నల్లగా, ముందే మూసేసిన గీత పలచగా పడుతుంది. తర్వాత పూత తీసేసి, సిరా పట్టించి, పైపైన తుడిచి, తడిపిన కాగితం పరిచి ప్రెస్సులో గట్టిగా నొక్కుతారు. బొమ్మ కుడి ఎడమలు తారుమారై వస్తుంది. అందుకే రేకు మీద సంతకం కూడా తిరగేసి గీయాలి.

ఇక సేకరించేవాళ్లకు పనికొచ్చే సంగతులు. మిలే చేసిన ఎచింగ్‌లు ఇరవై చిల్లరే. అయినా పాతదైనంత మాత్రాన ప్రతి కాగితమూ అరుదైనది కాదు. రాగి మెత్తన, అచ్చు తీసేకొద్దీ గీతలు అరుగుతాయి. పంతొమ్మిదో శతాబ్దం మధ్యకాలంలో విద్యుత్తు సాయంతో రేకు మీద పలచని ఇనుప పొర ఎక్కించే పద్ధతి వచ్చాక పత్రికలు ఒకే రేకు నుంచి వేల ప్రతులు తీయగలిగాయి. అందుకే కింద పత్రిక పేరు, ముద్రాపకుడి పేరు చేరకముందు తీసిన తొలి ప్రతులకే విలువ ఎక్కువ. ఏ దశ ప్రతికి ఏ గుర్తులుంటాయో లోయిస్ దెల్తీ 1906లో వేసిన జాబితా సంపుటిలో వివరంగా ఉంది. మిలే ప్రతుల్ని ఇప్పటికీ దెల్తీ సంఖ్యతోనే గుర్తిస్తారు.

పెన్సిలు సంతకం లేదని కంగారుపడకండి. ప్రతి కాగితం మీదా పెన్సిలుతో సంతకం పెట్టే అలవాటు ఆ తర్వాతి కాలంలో స్థిరపడింది. చూడాల్సింది రేకు అంచు కాగితంలోకి దిగిన నొక్కు. గీతల దగ్గర సిరా కాస్త ఉబ్బెత్తుగా తగలాలి. భూతద్దంలో క్రమంగా పేర్చిన చుక్కలు కనిపిస్తే అది ఫొటో నుంచి తీసిన నకలు.

పల్లెను ఎచింగ్‌లోకి తెచ్చిన పెద్ద చిత్రకారుడు మనకూ ఉన్నారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్. తెలంగాణ పల్లె మనుషులు, మేకలు, చెట్లు ఆయన గీతల్లో నిండుగా కనిపిస్తాయి.

మీ ఇంట్లో ఇలాంటి పాత కాగితం ఏదైనా ఉంటే ఫ్రేములో ఇమడలేదని దాని అంచులు కత్తిరించకండి, సెలోటేపు అంటించకండి. ఎండ తగిలే గోడ మీద మాత్రం అసలు వేలాడదీయకండి.