బాత్రూమ్ బయట చేసే ప్రార్థన: యూదులకి ఒళ్లు అంటే ఏంటి?

ఇవాళ్టి ఎపిసోడ్ టాయిలెట్‌తో మొదలవుతుంది. అన్నం తింటూ చూస్తున్నవాళ్లు పాజ్ కొట్టి, తినేసి రండి, నేనేమీ అనుకోను.

రెండేళ్ల క్రితం మా నాన్నకి ఉన్నట్టుండి యూరిన్ ఆగిపోయింది. ప్రోస్టేట్ పెరిగి చాలా రోజులైందంట, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. రాత్రి పదకొండింటికి ఆటోలో తీసుకెళ్తుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆయన నా చెయ్యి ఎలా పట్టుకున్నారో నాకింకా గుర్తుంది. పైపు వేశారు. తర్వాత ఆపరేషన్ చేశారు. పైపు తీసిన రోజు నాన్న బాత్రూమ్‌లోకి వెళ్తే అమ్మా, చెల్లీ, నేనూ తలుపు బయట నిలబడ్డాం. లోపల్నుంచి ఆ చప్పుడు వినపడగానే అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ క్షణంలో మాకు దేవుడికి దండం పెట్టుకోవాలనిపించింది. కానీ దేనికి పెట్టాలి, ఏమని పెట్టాలి? ఇలాంటిదానికి మా ఇంట్లో మాటలు లేవు.

యూదుల దగ్గర ఉన్నాయి. దాన్ని 'అషేర్ యత్సార్' అంటారు. టాయిలెట్‌కి వెళ్లొచ్చి, చేతులు కడుక్కుని, బయట నిలబడి చెప్పే ప్రార్థన. ఏడాదికోసారి కాదండీ, వెళ్లిన ప్రతిసారీ. చాలా యూదు ఇళ్లలో, సినగాగుల్లో వాష్ బేసిన్ పక్కన గోడకి రాసి పెట్టుకుంటారు. సారాంశం చెప్తాను: దేవుడు మనిషిని తెలివిగా చేశాడు, లోపల ఎన్నో రంధ్రాలు, ఎన్నో గొట్టాలు పెట్టాడు, వాటిలో ఏ ఒక్కటి మూసుకుపోయినా, తెరుచుకోకూడనిది తెరుచుకున్నా మనిషి బతికి నిలబడలేడు. ఇది నిన్నా మొన్నా రాసింది కాదు. తాల్ముద్‌లో అబ్బయే అనే పండితుడి పేరు మీద ఉంది. ఆయన నాలుగో శతాబ్దంలో బాబిలోనియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో ఉండేవాడు.

మన ఊళ్లలో తత్వాలు పాడేవాళ్లు కూడా ఈ రంధ్రాల గురించే చెప్తారు, గమనించారా? ఒంటిని తూట్లు పడ్డ తోలుసంచితో పోలుస్తారు, దీన్ని నమ్ముకోకురా అని. అవే రంధ్రాలు. వీళ్లకి వైరాగ్యం వచ్చింది, వాళ్లకి ఆశ్చర్యం వచ్చింది. ఏది కరెక్టు అని నేను చెప్పను గానీ, ఆ రోజు తలుపు బయట నాకు పనికొచ్చేది రెండోదే.

యూదుల పొద్దుటి ప్రార్థనల్లో ఇది మామూలుగా మొదట్లోనే వస్తుంది. తర్వాత ఆత్మ గురించిన ప్రార్థన. ఒళ్లు ముందు, ఆత్మ తర్వాత. అసలు హీబ్రూలో ఈ రెండింటినీ విడదీయడమే కష్టం. ఆత్మ అని మనం అనువదించే 'నెఫెష్' అనే మాటకి గొంతు, ఊపిరి, ప్రాణం అన్న అర్థాలున్నాయి. 'నెషామా' అన్న మాట కూడా శ్వాసతో ముడిపడిందే.

దీని మీద తాల్ముద్‌లో ఒక కథ ఉంది. ఒక రాజు తన పళ్లతోటకి ఇద్దరిని కాపలా పెట్టాడు. ఒకడు గుడ్డివాడు, ఒకడు కుంటివాడు. కుంటివాడు గుడ్డివాడి భుజాలెక్కి పళ్లన్నీ కోసి ఇద్దరూ తినేశారు. రాజు అడిగితే నాకు కాళ్లు లేవని వాడూ, నాకు కళ్లు లేవని వీడూ! రాజు ఏం చేశాడంటే, కుంటివాణ్ణి మళ్లీ గుడ్డివాడి మీద ఎక్కించి ఇద్దరికీ కలిపి తీర్పు చెప్పాడు. తప్పు ఒంటిది, నేను స్వచ్ఛం అని ఆత్మ తప్పించుకోడానికి లేదన్నమాట. చేస్తే ఇద్దరూ కలిసే చెయ్యాలి.

అందుకే ఆ ప్రార్థన చేసే తీరు కూడా ఒంటితోనే ఉంటుంది. 'అమీదా' అనే ముఖ్యమైన ప్రార్థన పేరుకే నిలబడటం అని అర్థం. రెండు పాదాలూ దగ్గరగా పెట్టాలి. ఎక్కడ వంగాలో, ఎక్కడ లేవాలో లెక్క ఉంది. వెన్నుపూసలన్నీ విచ్చుకునేంతగా వంగాలంటుంది తాల్ముద్. అయిపోయాక రాజు ముందు నుంచి వచ్చేవాడిలా మూడడుగులు వెనక్కి వెయ్యాలి. నిలబడలేనివాళ్లు కూర్చునే చెయ్యొచ్చు. జెరూసలేంలో పశ్చిమ గోడ దగ్గర వీడియోల్లో జనం ముందుకీ వెనక్కీ ఊగుతూ కనిపిస్తారు కదా, అదీ ఇందులో భాగమే. నోరొక్కటే కాదు, ఒళ్లంతా ప్రార్థిస్తోందని అర్థం.

మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగువాళ్లు ఉన్నారని మీలో ఎంతమందికి తెలుసు? వాళ్లకో సినగాగ్ కూడా ఉంది. అది వేరే ఎపిసోడ్.

నాకు బాగా నచ్చిన మనిషి మైమోనిడీస్. 1138లో స్పెయిన్‌లోని కొర్డోబాలో పుట్టాడు, 1204లో ఈజిప్టులో చనిపోయాడు. పెద్ద మతపండితుడు, పైగా డాక్టరు. ఆయన రాసిన 'మిష్నే తోరా' ధర్మశాస్త్రం. అందులో ఒక అధ్యాయం మొత్తం ఆరోగ్యమే! ఆకలేస్తేనే తినాలి, కడుపు పూర్తిగా నిండకముందే ఆపాలి, తినేముందు ఒళ్లు అలవాలి, ఎనిమిది గంటలు నిద్రపోవాలి. ఇంకొకటి: ఒంటికీ రెంటికీ వస్తే ఒక్క క్షణం కూడా ఆపుకోకూడదు. ఇది చదివినప్పుడు నాన్న గుర్తొచ్చి చాలాసేపు ఆగిపోయాను. జబ్బుగా ఉన్నవాడు దేవుణ్ణి సరిగ్గా తెలుసుకోలేడు కాబట్టి ఒంటిని కాపాడుకోవడం కూడా దైవమార్గమే అన్నది ఆయన వాదన.

అయితే యూదు చరిత్ర అంతా ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. ఒంటిని శిక్షించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 12, 13 శతాబ్దాల్లో జర్మనీలో కొందరు భక్తులు ప్రాయశ్చిత్తంగా ఉపవాసాలు చేసేవాళ్లు, మంచులో కూర్చునేవాళ్లు. తర్వాత 18వ శతాబ్దంలో తూర్పు యూరప్‌లో బాల్ షెమ్ తోవ్ అనే గురువు వచ్చి ఇలాంటి కఠోర ఉపవాసాలు వద్దన్నాడు. ఆయన నుంచి మొదలైన హసిదీ ఉద్యమంలో తినడం, పాడటం, డాన్స్ చెయ్యడం కూడా మనసు పెట్టి చేస్తే దేవుడి సేవే.

ఆడవాళ్ల విషయం ఇంకా చిక్కు. నెలసరి తర్వాత పెళ్లైన స్త్రీ 'మిక్వే' అనే కొలనులో మునగాలి. వాన నీళ్లో, ఊట నీళ్లో ఉండాలి. ఒంటి మీద ఉంగరం కూడా ఉండకూడదు, నీళ్లు ప్రతి చోటా తగలాలి. కొందరికి అది తమకంటూ దొరికిన ప్రశాంతమైన టైమ్. కొందరికి తమ ఒంటి మీద వేరేవాళ్ల లెక్క. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది నాకు. అమెరికాలో బోస్టన్ దగ్గర 2004లో 'మాయిమ్ హాయిమ్' అనే మిక్వే తెరిచారు. అక్కడికి క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయినవాళ్లు, గర్భం పోయినవాళ్లు కూడా వచ్చి మునుగుతారు. పాత నీళ్లకి కొత్త పని దొరికింది.

ఇక ఉపవాసం. యోమ్ కిప్పూర్ రోజు ఇరవై ఐదు గంటలు నీళ్లు కూడా తాగరు. కానీ ప్రాణం మీదకొస్తే తినడమే ధర్మం. రోగి నాకు తిండి కావాలంటే, అక్కర్లేదని డాక్టరు చెప్పినా రోగి మాటే వినాలంటుంది తాల్ముద్. తన ఒంట్లో బాధ తనకే తెలుస్తుంది కదా. నొప్పి చెప్తే నమ్మరేమోనని నోరు మూసుకునే మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి ఈ మాట ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

మొన్న నాన్నకి ఆ అషేర్ యత్సార్ సంగతి మొత్తం చెప్పాను. పేపర్ పక్కన పెట్టి విన్నారు. కాసేపాగి, "ఎవడ్రా అది రాసింది? వాడిక్కూడా నాలాగే పైపు వేసుంటారు" అన్నారు.