వార్తల్లో పదం: ఫ్యామిలీ డాక్టర్

షుగరుకు ఒక డాక్టరు, గుండెకు ఒకరు, మోకాళ్లకు ఇంకొకరు. ముగ్గురూ రాసిన మందులు ఒకరి కడుపులోకే పోతాయి. కీళ్లనొప్పి మాత్రలు కొన్ని బీపీని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. అన్ని చీటీలనూ కలిపి చూసేదెవరు?

ఆ బాధ్యత ఫ్యామిలీ డాక్టర్‌ది. జబ్బును కాక మనిషిని, ఆ ఇంటి పరిస్థితిని ఎరిగి వైద్యం చేయడం, అవసరమైతేనే స్పెషలిస్టు దగ్గరికి పంపడం ఈ పద్ధతి.

నార్వేలో 2001 నుంచి ఎవరి డాక్టరును వారు ఎంచుకుని పేరు నమోదు చేసుకోవచ్చు. అక్కడ సుమారు 45 లక్షల మంది రికార్డులను పరిశోధకులు పరిశీలించారు. ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవారిలో అత్యవసర ఆస్పత్రి చేరికలు, మరణాలు దాదాపు పాతిక శాతం తక్కువ. ఏడాదిగా మాత్రమే ఉన్నవారితో పోల్చి తేల్చిన లెక్క ఇది. పరిచయం కూడా వైద్యమే!

ఆంధ్రప్రదేశ్‌లో ‘ఫ్యామిలీ డాక్టర్’ పేరుతోనే 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో పథకం మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక డాక్టరు ఓపీ చూస్తుంటే, మరొకరు 104 వాహనంలో ఊళ్లకు వెళ్లాలి, మంచం పట్టినవారిని ఇంటి దగ్గరే చూడాలి అన్నది అప్పటి ఏర్పాటు. ఆలోచన మంచిదే. కానీ డాక్టర్లు తరచూ మారితే పరిచయం మళ్లీ మొదటికొస్తుంది.

మన ఆరోగ్య రికార్డులు ఫోన్లోకి వచ్చినా, వాటిని చదివి నిర్ణయం చెప్పే తెలిసిన డాక్టరు కావాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వారి మందుల చీటీలన్నీ ఒకసారి దగ్గర్లోని ఎంబీబీఎస్ డాక్టరుకు చూపించండి.