తాతగారి పెట్టెలోని రెండు నాణెములు

వేసవి సెలవుల పిమ్మట మా విద్యార్థి యొకడు తన తాతగారి పెట్టెలో దొరకిన రెండు పాత నాణెములను రుమాలులో మూటగట్టి తెచ్చి మా ముందుంచెను. ఒకటి పెద్ద రాగిబిళ్ల. దానిపై ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకము. మరియొకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, అర్ధణా యను విలువ, 1818 అను సంవత్సరము. దీనికి రెండు లక్షల రూపాయలిత్తునని ఎవరో సెల్‌ఫోనులో చెప్పిరట. అయితే ముందుగా నమోదు రుసుము క్రింద ఆరువేలు పంపవలెనట. అందుకై ఆ బాలుని తల్లి మెడలోని గొలుసును కుదువబెట్టుటకు సిద్ధపడియున్నది. రెండవది వెండిది. అక్షరములు ఒకదానిపై నొకటి యెక్కి గజిబిజిగా నుండుటచే, చెడిపోయిన నాణెమని ఇంటిలో నెవరును దానిని లక్ష్యపెట్టలేదు.

రెండింటిని కిటికీయొద్ద వెలుతురున బెట్టి చూచితిమి.

దేవుని బొమ్మ యున్నంత మాత్రమున కంపెనీ నాణెము కాదనుటకు వీలులేదు. చెన్నపట్టణమున కంపెనీవారు వేయించిన వరహాలపై విష్ణుమూర్తి కలడు. కనుక చూడవలసినది బొమ్మను గాదు. విలువను, సంవత్సరమును, లిపిని. అప్పటి మన పట్టణపు లెక్క వరహా, ఫణము, కాసు. 80 కాసులొక ఫణము. 42 ఫణములొక వరహా. ఫణమునే మనవారు రూక యనిరి. 1818లో ఇచ్చట రూపాయి ప్రమాణమైనది గాని, దేశమంతటికి ఒకే తీరు కంపెనీ నాణెములు 1835లో గాని వెలువడలేదు. ఆ యేటి నిజమైన అర్ధణాపై నున్నది సింహములతో కూడిన కంపెనీ చిహ్నమే గాని పట్టాభిషేకము గాదు. కావున ఈ రాగిబిళ్ల ఎన్నడును బజారులో చెల్లిన నాణెము గాదు. పూజకై చేసిన రామటంకముల జాతిది. ఇట్టివి నేటికిని అమ్ముడగుచునే యున్నవి.

ఇక వెండి నాణెము. భూతద్దముతో చూడగా ఒకవైపు గోపురము, దాని కిరువైపుల చుక్కలు; మరియొకవైపు విష్ణుమూర్తి. అరవరహా యను విలువ ఇంగ్లీషు, పారశీకము, తమిళము, తెలుగు అను నాలుగు లిపులలో నున్నది. బరువు సుమారు 21 గ్రాములు. 1807-08 ప్రాంతమున చెన్నపట్టణపు టంకసాలలో యంత్రములతో వేసినది. అప్పుడా టంకసాల కోటలోనుండెను. 1840వ దశకమున మన జార్జి టౌనులోని మింటువీధికి మారి, 1869లో మూతబడినది. తమిళులు ఆ వీధిని తంగసాలై యందురు. ఆ పేరున మన టంకసాల యను మాటయే వినవచ్చుచున్నదని మాకు తోచును.

మరి ఆ గజిబిజి యేమి? వర్తకపు ఓడలలో వచ్చిన స్పెయిను దేశపు డాలర్లపైననే కొన్ని అరవరహాలను మరల ముద్రించిరి. క్రొత్త అచ్చు దెబ్బకు పాత బొమ్మ పూర్తిగా చెరగక, గోపురపు సందులలో స్పెయిను రాజు పేరిట అక్షరముల తునకలు మిగిలిపోయినవి. అణగిపోయిన ఆ పాత గీతలు క్రొత్త బొమ్మ క్రిందుగా సాగిపోవుచుండును. తరువాత నెవరైనను మార్చిన నాణెము అట్లుండదు. దానియందు ఆకురాయి గీతలు, అతికిన జాడలు కనబడును. దిద్దిన అంకె ఉబ్బియుండుటకు బదులు లోనికి చెక్కియుండును. ఆడవారు మెడలో వేసికొనుటకై కొక్కెము అతికించిన రూపాయలును ఇట్టివే. వానియందు మోసము లేదు గాని నాణెము మాత్రము మారినది.

తల్లులకొక మనవి. ఇట్టివి దొరకినచో చింతపండుతో తోమవలదు. మా ఇండ్లలోను ఈ పని జరిగినది. తళతళలాడినవి గాని సన్నని గీత లన్నియు అరిగిపోయినవి.

ఆ సెల్‌ఫోను మాట యేమనగా, పాత నాణెముల క్రయవిక్రయముల పేరిట తమ పేరు చెప్పి రుసుములు వసూలు చేయువారిని నమ్మవలదని భారత రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించినది. ఆ ప్రకటనను ఆ తల్లికి చదివి వినిపించితిమి. గొలుసు కుదువకు పోలేదు. ఆరువేలు అడిగినవాడు మరల రెండుమార్లు పిలిచి ఊరకుండెనట.

రాగిబిళ్ల పూజామందిరమునకు తిరిగి పోయినది. అది దాని చోటే. వెండి నాణెముపై ఆ బాలుడు పలుచని కాగితము పరచి, పెన్సిలుతో మెల్లగా రుద్ది, తేలిన తెలుగు అక్షరములను కూడబలుకుకొని తన తమ్మునికి చదివి చూపెను.