వాన ముదరకముందే గుర్రానికి చోటు

వానాకాలం వస్తోందంటే ఇంటి పైకప్పు చూసుకుంటాం. కారే చోట తారు పూస్తాం. పిల్లలకు గొడుగులు కొంటాం. కానీ ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్న గుర్రం కుండపోత వాన పడే రాత్రి ఎక్కడుంటుందన్న సంగతి చాలా ఇళ్లలో వాన మొదలయ్యాకే గుర్తుకొస్తుంది. అప్పటికి చేయగలిగింది తక్కువ.

హైదరాబాదు వీధుల్లో టాంగాలు పోయాయి. నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వదళం ఇప్పుడు ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరుగా మిగిలింది. అయినా నగరంలో గుర్రం బతికే ఉంది. మలక్‌పేట రేసుకోర్సులో ఉంది, పోలీసు అశ్వదళంలో ఉంది, పెళ్లి బరాతుల్లో ఉంది. మొదటి రెంటికీ పక్కా శాలలున్నాయి, నౌకర్లున్నారు, డాక్టర్లున్నారు. బరాతు గుర్రానికి దాని యజమాని ఒక్కడే దిక్కు. ఆషాఢంలో హిందువుల ఇళ్లలో ముహూర్తాలు ఉండవు. బేరాలు తగ్గగానే దాణా ఖర్చు కలిసొస్తుందని గుర్రాన్ని మేతకు వదలడం సహజం. వానలు ముదిరేదీ అప్పుడే. అసలు చిక్కంతా ఇక్కడుంది.

ముందు నది, వెనుక నాలా

నగరానికి తూర్పున ఉప్పల్, నాచారం ప్రాంతాన్నే తీసుకుందాం. మూసీ ఒడ్డున ఉప్పల్ భగాయత్ నుంచి పీర్జాదిగూడ దాకా నది నీటితో పశుగ్రాసం పెంచడం పాత అలవాటు. ప్లాట్లు పడిన చోట్ల కూడా ఇల్లు లేచేదాకా గడ్డి లేస్తుంది. మేతకు ఇంతకంటే అనువైన చోటు నగరంలో దొరకడం కష్టమే.

అయితే ఈ నేలకు నీళ్లు రెండు వైపుల నుంచి వస్తాయి. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తితే ముందు నుంచి నది పెరుగుతుంది. నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్ వైపు కుండపోత పడితే చెరువులు నిండి, నాలాలు పొంగి, వెనుక నుంచి నీరు దిగుతుంది. నది మీద కన్నేసి కూర్చున్నవాడికి వెనుక నాలా దారి మూసుకుపోయిన సంగతి తెలియదు.

ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 2020 అక్టోబరు 13న వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. తెల్లవారేసరికి బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన నమోదైంది. హబ్సిగూడ, రామంతాపూర్ వీధుల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీరు ఎంజీబీఎస్ బస్టాండులోకే వచ్చింది. ఇక 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద సంగతి మన పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఆనాడు సుమారు 150 మందిని కాపాడింది. మనిషి చెట్టెక్కి బతికాడు. గుర్రం చెట్టెక్కలేదు. పైగా దాన్ని మనమే కట్టేసి ఉంచుతాం. అగాడీ, పిఛాడీ తాళ్లతో మేకులకు కట్టిన గుర్రం ఈదగలిగీ మునిగిపోతుంది.

చోటు ఎక్కడ?

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వితే ఏం లాభం? చోటు ఎండాకాలంలోనే మాట్లాడుకోవాలి. నాచారంలో పారిశ్రామికవాడ ఉంది. మెరక మీద ఖాళీగా ఉన్న షెడ్డు, వాడని గోదాము, లారీలు నిలిపే రేకుల పంచ, ఏదైనా 4 రోజులకు గుర్రపుశాల కాగలదు. ఫంక్షన్ హాళ్లవాళ్లకూ బరాతు గుర్రాలవాళ్లకూ ఎలాగూ పరిచయం ఉంటుంది. పెళ్లిళ్లు లేని రోజుల్లో వారి పార్కింగు షెడ్డు ఖాళీగానే ఉంటుంది. యజమానిని ఒక మాట అడిగి ఉంచుకుంటే చాలు. సెల్లారు మాత్రం వద్దు. అన్నిటికంటే ముందు నీళ్లు నిండేది సెల్లారే.

ఇలాంటి ఏర్పాటు కొత్తదేమీ కాదు. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను వచ్చినప్పుడు లూసియానా రాష్ట్రంలోని గొంజాలెస్ పట్టణంలో ఒక పెద్ద ప్రదర్శనశాలనే గుర్రపుశాలగా మార్చి, వరదలో చిక్కిన వందలాది గుర్రాలను అక్కడ ఉంచారు. మనకు అంత పెద్ద భవనం అక్కర్లేదు. గుర్రానికి 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు చోటు ఉంటే మేలు. ఒకటి రెండు రాత్రులకైతే 5 అడుగుల వెడల్పున కట్టి నిలబెట్టినా గడిచిపోతుంది.

మాట ఇచ్చిన చోటును ఒకసారి పగటిపూట వెళ్లి చూసి రావాలి. నేల మీద మేకులు, తెగిన రేకులు, గాజు పెంకులు ఉన్నాయేమో చూడాలి. గుర్రానికి ధనుర్వాతం సులభంగా పట్టుకుంటుంది. చిన్న మేకు గాయమే ప్రాణం తీయవచ్చు. అందుకే టెటనస్ టీకా వానలకు ముందే వేయించాలి. ఫ్యాక్టరీ షెడ్డయితే రసాయనాల డ్రమ్ములు, రంగు డబ్బాలు తీయించాలి. వేలాడే కరెంటు తీగలు ఉంటే అసలు ఆ చోటే వద్దు.

తోలుకొచ్చే పద్ధతి

గేట్లు ఎత్తుతున్నారన్న కబురు అందగానే బయలుదేరాలి. నీళ్లు కనిపించేదాకా ఆగకూడదు. వెలుతురు ఉండగానే కదలడం మంచిది. గుంపులో పెద్దదాన్ని, నెమ్మదైనదాన్ని ముందు నడిపిస్తే మిగతావి వెంట వస్తాయి. రెండు గుర్రాలను ఒకే తాడుకు కట్టకూడదు. ఒకటి జారితే రెండూ పడతాయి. పారుతున్న నీటిలోకి దింపకూడదు. దూరమైనా మెరక దారే మేలు.

డీసీఎం వ్యానులో ఎక్కించాల్సి వస్తే కింద ఇసుక, దాని మీద గడ్డి పరవాలి. నున్నటి రేకు మీద గిట్ట జారుతుంది. బండి వెనుక భాగాన్ని మట్టి గట్టుకు ఆనిస్తే గుర్రం దూకకుండా నడిచి ఎక్కుతుంది. ఏ దారీ లేక వదిలేయాల్సి వస్తే తాళ్లన్నీ విప్పి, గేటు తెరిచి, మెరక వైపు తోలాలి. వరంగల్ రోడ్డు వైపు తోలితే నీళ్లు తప్పినా లారీ తప్పదు. యజమాని ఫోన్ నంబరు గిట్ట మీద రంగుతో రాసి ఉంటే తరువాత వెతుక్కోవడం తేలిక.

శాలలో మొదటి 3 రోజులు

పచ్చిక మేసిన గుర్రాన్ని ఒక్కసారిగా నాలుగు గోడల మధ్య కడితే దానికి బెంగ, మనకు కంగారు. పాపం తడిసిందని జాలిపడి గంపెడు ఉలవలు, శనగలు పెట్టేవారుంటారు. ఆ జాలి ప్రాణం మీదికి తెస్తుంది. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. మేత ఒక్కసారిగా మారితే కడుపునొప్పి పట్టుకుంటుంది. ముందు ఎండుగడ్డి, మంచినీళ్లు ఇవ్వాలి. దాణా కొద్దికొద్దిగా పెంచాలి. 350 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 7 కిలోల ఎండుమేత, 25 నుంచి 40 లీటర్ల నీళ్లు కావాలి. ఆ లెక్కన 3 రోజుల సరుకు ముందే షెడ్డులో చేర్చి ఉంచాలి. బూజు పట్టిన గడ్డి, వరద నీరు రెండూ విషమే.

చలి అని తలుపులన్నీ బిగించకూడదు. మూత్రపు ఘాటు గుర్రం ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. కింద తడి గడ్డి పూటపూటకూ తీయాలి, లేకుంటే గిట్టలు కుళ్లుతాయి. జోరీగలు ముసిరే కాలం కాబట్టి సర్రా జ్వరం మీద కూడా కన్ను ఉండాలి.

నలుగురి గుర్రాలు ఒకే షెడ్డులో చేరినప్పుడు మరో జాగ్రత్త అవసరం. ఎవరి బక్కెట్టు వారిదే, ఎవరి తొట్టి వారిదే. ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారుతున్నా, చర్మం మీద పుండ్లు లేచినా ఆ గుర్రాన్ని వేరుగా కట్టి డాక్టరుకు చెప్పాలి. అది గ్లాండర్స్ కావచ్చు. ఆ జబ్బు మనుషులకూ అంటుతుంది, ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి. దాచిపెడితే తోటివారి గుర్రాలకే కాదు, మన పిల్లలకూ ముప్పు. సంచార పశువైద్యశాల కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది.

నలుగురూ కలిస్తే

పెంచుకునే జంతువుకు మేత, నీరు, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షను కింద నేరం. కానీ చట్టానికి భయపడి చేయాల్సిన పని కాదిది. పరుగెత్తే గుర్రాల మీద ప్రమాణంతో మొదలయ్యే అల్ ఆదియాత్ సూరా మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఆ గుర్రం మన వాకిట్లోనే ఉన్నప్పుడు దాని బాగోగులు ఇంకెవరు చూస్తారు?

ఒక్కడే చేయగల పని కాదు కాబట్టే మేము ఇంతగా చెబుతున్నాం. ఉప్పల్, నాచారం, హబ్సిగూడల్లో గుర్రాలున్నవారు ఒక శుక్రవారం నమాజు ముగిశాక అరగంట కూర్చుంటే చాలు. ఎవరి షెడ్డు ఖాళీ, ఎవరి దగ్గర వ్యాను ఉంది, అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసి అందరూ తలా ఒకటి ఉంచుకోవాలి. గుర్రాలు లేనివారు కూడా షెడ్డు తాళం ఇవ్వగలరు, నాలుగు మోపుల గడ్డి పంపగలరు. ఆ కాగితం వానలకు ముందే సిద్ధమైతే, గేట్లు ఎత్తిన రాత్రి ఏ ఇంట్లోనూ గుర్రం ఎక్కడని వెతుక్కునే పని ఉండదు.