పసివారి పళ్ళెంలో వైవిధ్యం: బలవంతం వద్దు, ఓర్పు ముఖ్యం

విజయవాడ: ప్రకాశం బ్యారేజీ కాలువల కింద వరి పండే కృష్ణా డెల్టాలో ఆహారానికి కొరత లేదు. వరికోతల అనంతరం అదే మాగాణిలో మినుము పండుతుంది. లంక గ్రామాలలో అరటి, కంద, కూరగాయలు, చెరువులలో చేపలు లభిస్తాయి. అయినప్పటికీ కొన్ని ఇళ్ళలో పసివారి భోజనం పెరుగన్నం, పాలు, బిస్కెట్లకే పరిమితమవుతున్నది. "మావాడు ఇంకేదీ ముట్టడు" అన్నది తల్లులు తరచుగా చెప్పే మాట.

దీనిని చిన్న విషయంగా భావించరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 6 నుండి 59 నెలల వయసు పిల్లలలో 63.2 శాతం మందికి రక్తహీనత ఉన్నది. 2015-16 సర్వేలో ఇది 58.6 శాతం. పేదరికం, అంటువ్యాధులు, తల్లికి రక్తహీనత వంటి కారణాలతో పాటు ఆహారంలో వైవిధ్యం లోపించడం కూడా ఇందుకు కారణమవుతున్నది. 6 నుండి 23 నెలల పిల్లలకు తల్లిపాలతో సహా 8 ఆహార వర్గాలలో కనీసం 5 వర్గాలు ప్రతిరోజూ అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం.

నిరాకరణకు కారణం

మొదటి ఏడాది తరువాత ఎదుగుదల వేగం తగ్గి, ఆకలి కూడా తగ్గుతుంది. రెండవ ఏడాది నుండి కొత్త రుచుల పట్ల జంకు సహజం. ఒకసారి ఉమ్మివేసినంత మాత్రాన ఆ పదార్థం బిడ్డకు సరిపడదని నిర్ణయించరాదు. ఒకే పదార్థాన్ని 8 నుండి 15 సార్లు రుచి చూపిన తరువాతనే పలువురు పిల్లలు అంగీకరిస్తారని అధ్యయనాలు తెలుపుతున్నాయి. రెండు మూడు ప్రయత్నాలకే మానివేయడం వల్ల ఆ అవకాశం చేజారుతున్నది.

అనుసరించవలసిన పద్ధతులు

* బిడ్డకు ఇష్టమైన అన్నం పక్కనే కొత్త కూరను చెంచాడు మాత్రమే ఉంచాలి. తినకపోతే మందలించక, కొన్ని రోజులకు మళ్ళీ పెట్టాలి.
* ముద్దపప్పుతో ప్రారంభించి తోటకూర పప్పు, మునగాకు పప్పు క్రమంగా అలవాటు చేయాలి. కొద్దిగా నిమ్మరసం కలిపితే ఆకుకూరలలోని ఇనుము శరీరానికి బాగా పడుతుంది.
* గుడ్డు, ముల్లు తీసిన చేప, సున్నుండ, బొప్పాయి, చిలగడదుంప వంటివి మార్చి మార్చి ఇవ్వాలి.
* భోజనానికి ముందు పాలు, బిస్కెట్లు ఇవ్వరాదు. పాలు అధికమైతే ఆకలి మందగించి ఇనుము లోపిస్తుంది.
* కుటుంబసభ్యులు బిడ్డతో కలసి కూర్చుని అదే కూర తినాలి. టీవీ, సెల్‌ఫోన్ చూపుతూ తినిపించరాదు.
* "ఇది తింటే చాక్లెట్ ఇస్తాను" అని ఆశపెట్టడం వల్ల కూరపై అయిష్టమే పెరుగుతుంది.
* వేరుశనగ గింజలను పొడిచేసి మాత్రమే ఇవ్వాలి. గింజలుగా ఇస్తే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నది.

ఏమి పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి. ఎంత తినాలో బిడ్డకే వదలాలి.

వైద్య సలహా ఎప్పుడు?

బరువు పెరగకపోయినా, తగ్గినా, మింగడంలో ఇబ్బంది ఉన్నా, బిడ్డ పాలిపోయి నీరసంగా ఉన్నా జాప్యం చేయక వైద్యుని సంప్రదించాలి. అంగన్‌వాడీ కేంద్రంలో ప్రతినెలా బరువు తూయించడం ద్వారా ఎదుగుదలలో లోపాన్ని ముందే గుర్తించవచ్చు.

అన్నప్రాశన నాడు బిడ్డ నోటికి తొలి ముద్ద అందించే వేడుక ఒక్కరోజుతో ముగుస్తుంది. ప్రతి కొత్త రుచికీ అంతటి ఆదరం, ఓర్పు చూపినప్పుడే డెల్టా పంటల సమృద్ధి పసివారి పళ్ళెం వరకు చేరుతుంది.