స్నాతకం అయ్యాకే కాశీయాత్ర!

పెళ్లిలో గొడుగు, పాంకోళ్లతో కాశీకి బయల్దేరిన పెళ్లికొడుకుని బావమరిది బెల్లం ముక్క పెట్టి బతిమాలడం చూసే ఉంటారు. ఫొటోలకు సరదాగా ఉంటుంది కానీ, అంతకుముందు జరిగే స్నాతకం అసలు ఒక కాన్వొకేషన్. గురువు దగ్గర చదువు పూర్తిచేసిన బ్రహ్మచారి స్నానం చేసి స్నాతకుడయ్యేవాడు. మన యూనివర్సిటీల ‘స్నాతకోత్సవం’ అక్కడి నుంచి వచ్చిన మాటే.

ఆ చదువు ఇప్పటికీ నడుస్తోంది. తిరుమల ధర్మగిరిలో 1884లో మొదలైన వేద పాఠశాలనే తీసుకోండి. ఉపనయనమైన పిల్లలు పదీ పన్నెండేళ్ల వయసులో చేరతారు. వేదానికి 12 ఏళ్లు, ఆగమానికి 8 ఏళ్లు. భోజనం, వసతి ఉచితం. పూర్వం ఊళ్లలో రోజుకో ఇంట్లో తింటూ వారాలు చేసుకుని చదివేవారు. ఆ కష్టం ఇప్పుడు లేదు.

తెల్లవారకముందే లేవాలి, స్నానం, సంధ్యావందనం, ఆపైన ‘సంత’. గురువు ఒకసారి పలికితే శిష్యులు రెండుసార్లు పలకాలి. తర్వాత వల్లె. సెలవు ఆదివారం కాదు, పాడ్యమి, అష్టమి లాంటి తిథులకు! పై స్థాయికి వెళ్లేకొద్దీ కష్టం పెరుగుతుంది. మూడు పదాలను 1, 2, 3 అనుకుంటే ఘనపాఠంలో 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అని పలకాలి. స్వరం కూడా తప్పకూడదు. ఎక్కడ పొరపాటు దొర్లినా ఇట్టే దొరికిపోతుంది. కోడింగ్ చదివేవాళ్లకు ఇది ఎర్రర్ చెకింగ్ అని చెబితే చాలు. ఈ వేదపఠన సంప్రదాయాన్ని 2003లో యునెస్కో గుర్తించింది.

బ్రహ్మచర్యమంటే పెళ్లి లేకపోవడమే అనుకుంటాం. ధర్మసూత్రాల్లో తేనె, సుగంధాలు, అలంకారాలు కూడా వద్దన్నారు. మనసు చదువు మీద నుంచి జారకూడదని. ఫోన్ పక్కన పెట్టలేక గ్రూప్స్ ప్రిపరేషన్ వాయిదా వేసుకుంటున్నవాళ్లకు ఇందులో తెలియనిదేం లేదు.

అయితే ఒక చిక్కుంది. పదేళ్ల పిల్లాడి తరఫున నిర్ణయం తీసుకునేది పెద్దవాళ్లు. ఇరవై దాటాక వాడికి పౌరోహిత్యం ఇష్టం లేకపోతే? చేతిలో పదో తరగతి సర్టిఫికెట్ కూడా లేక ఇబ్బంది పడినవాళ్లున్నారు. ఉజ్జయిని సాందీపని వేదవిద్యా బోర్డు ఇచ్చే వేదభూషణ్‌ను పదో తరగతికి, వేదవిభూషణ్‌ను ఇంటర్‌కు సమానంగా 2022లో భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఒప్పుకుంది. ఇది చాలా ఆలస్యంగా వచ్చిన మంచి మాట. కాబట్టి చేరేముందే ఆ పాఠశాల సర్టిఫికెట్ ఏ బోర్డుదో అడగండి. తమ్ముడినో మేనల్లుడినో చేర్పిస్తున్నా సరే.

ఇంటర్ తర్వాత ఈ వైపు రావాలనుకుంటే తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అక్కడ శాస్త్రి అంటే డిగ్రీ, ఆచార్య అంటే పీజీ. టీచింగ్‌తో పాటు సైన్యంలో మత బోధకుల పోస్టులకూ ఇవి పనికొస్తాయి. పండిట్ పోస్టుకు సంస్కృతంలో ఆచార్య కావాలి, లేదా శాస్త్రితో పాటు కర్మకాండలో ఏడాది డిప్లొమా. అయితే అది సైన్యం. ఎంత ఘనపాఠి అయినా 1.6 కిలోమీటర్లు పరుగెత్తాల్సిందే!